నేను దాటేసిన మాట

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో, జీతం పెంచమని మునిసిపాలిటీ ఊడ్చేవాళ్లంతా పని ఆపేశారన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పాలు పోసే మామ్మ. నేను బడికి వెళ్లలేదు. మా తాతయ్యే అరుగు మీద కూర్చోబెట్టి పూజ పుస్తకాల్లోంచి చదువు చెప్పారు. గడగడా చదువుతానని వీధిలో పేరు. ఆ పేరంటే నాకు మహా గర్వం.

సమ్మె నాలుగో రోజున మా వీధి ఊడ్చే అక్క వాళ్ల సంఘం వేసిన శిబిరానికి వెళుతుంటే, వాళ్లచేత పని చేయించే మేస్త్రీ మా అరుగు దగ్గర ఆపాడు. చేతిలో టైపు కొట్టిన కాగితం, వేలిముద్రల సిరా. మిగతా ఆడవాళ్లంతా ఆవిడ మొహం చూసే సమ్మెలో నిలబడ్డారని అతనికి తెలుసు.

"జీతం పెంచమని పైవాళ్లకి అర్జీయేనమ్మా. ముద్ర వేసేసి పన్లోకొచ్చెయ్. లేదంటే రేపు మస్తరులో నీ పేరుండదు," అన్నాడు. హాజరు రాసే ఆ పుస్తకంలో పేరు పోతే ఆవిడ పొయ్యి వెలగదని నాకూ తెలుసు.

ఆవిడ బొటనవేలు సిరాలో అద్ది, వెయ్యబోతూ ఆగింది. "పాపగారూ, ఓసారి చదివిపెడతారా అండీ?"

వేలు పెట్టి చదివాను. 'జీతము పెంచమను మా కోరికను' దాకా సాఫీగా వచ్చింది. తర్వాతి మాటకి నోరు తిరగలేదు. రాదంటే పరువు పోతుందని దాన్ని దాటేసి, 'ఇందుమూలముగా తెలియజేయుచున్నాము' అని ముగించాను. మేస్త్రీ మొహం విచ్చుకుంది. "విన్నావుగా! ఇంకేం?"

సిరా వేలు కాగితం మీదికి వంగింది.

"మధ్యలో మీ వేలు గెంతిందేంటండీ?" అంది ఆవిడ మెల్లగా. నేను తల దించుకున్నాను. "ఊడ్చేదాన్ని కదండీ, ఎక్కడ వదిలేశారో తెలిసిపోద్ది. నిదానంగా కూడబలుక్కోండి, నేనాగుతాను."

మేస్త్రీ టైమైపోతోందని విసుక్కుంటుండగానే ఒక్కో అక్షరమే పలికాను. పరిత్యజించినట్లు. లోపలున్న తాతయ్య విని బయటికొచ్చి, "వదులుకున్నట్లు అనమ్మా దానర్థం," అన్నారు.

"అదా సంగతి! మా చిన్న జీతాలకి అంత పెద్ద మాటెందుకండీ మేస్త్రీగారూ?" అని నవ్వి, వేలు కొంగుకి తుడుచుకుని ఆవిడ శిబిరానికి వెళ్లిపోయింది.

మర్నాడు మేస్త్రీ అన్నంత పనీ చేశాడు. మస్తరులో ఆవిడ పేరు మళ్లీ ఎక్కించేదాకా చీపురు పట్టేది లేదని సంఘం వాళ్లంతా కూర్చున్నారు. ఎన్ని రోజులు పట్టిందో గుర్తులేదు గానీ చివరికి పేరు ఎక్కింది. అడిగినంత కాకపోయినా జీతమూ పెరిగింది.

నేను మాట మింగేసిన సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. "మా పాపగారే చదివి కాపాడారు" అందట శిబిరంలో. అది విని ఆ రోజు దేవుడి గదిలో చాలాసేపు ఏడ్చాను.

ఇప్పటికీ ఎవరైనా పెన్షను కాగితమో బ్యాంకు కాగితమో చదవమని తెస్తే, తెలియని మాట దగ్గర ఆగి, "ఇది నాకు రాదండీ" అని చెప్పేస్తాను. అలా చెప్పగలగడం ఆవిడ పెట్టిన భిక్షే. మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు, మా వీధి ఊడ్చిన ఆ అక్కని కూడా ఒక్కసారి తలుచుకోండి.