జాబితాలో పేరుంది, ఓటు లేదు: ములకలపల్లి దారిలో ఒక పోలింగ్ రోజు

మా అక్క ఊళ్లో వార్డు మెంబరుగా నిలబడింది. అప్పుడు నేను ఆఫీసు పని మీద ఖమ్మంలో ఉన్నాను. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుని మూడేళ్లయినా ఊరి ఓటరు జాబితాలో నా పేరు అలాగే ఉందట, తప్పకుండా రమ్మని అక్క ఫోను. తప్పు నాదే. ఓసీఐ, అంటే ‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’ కార్డు వచ్చిన రోజు, ఇక రెండు దేశాలూ నావేనని అక్క దగ్గర గొప్పలు పోయింది నేనే. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదని, ఆ కార్డుతో రావచ్చు, ఉండొచ్చు గానీ ఓటు వేయకూడదని అప్పుడు చెప్పలేదు. ఈసారైనా ఎదురుగా చెబుదామనుకున్నాను. ఫోన్లో చెప్పడానికి ధైర్యం చాలలేదు, అదీ అసలు సంగతి.

పొద్దున ఆరింటికి ఖమ్మంలో పాల్వంచ బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితమే కానీ అది ఇక్కడివాళ్లకు. నేను డబ్బులు తీస్తుంటే కండక్టరు వింతగా చూసి నూట డెబ్బైకి టికెట్ కొట్టాడు. రెండున్నర గంటల ప్రయాణం. పాల్వంచలో ఇడ్లీ తిని, ములకలపల్లి వైపు షేర్ ఆటోలో కూర్చున్నాను. మనిషికి నలభై. దారికి రెండు వైపులా టేకు చెట్లు, పది దాకా మంచు. ఓటుకేనా అని డ్రైవరు అడిగితే, అక్కను చూడ్డానికని చెప్పాను.

అక్క గడపలోనే ఓటరు చీటీ చేతిలో పెట్టింది. ఒంటిగంటకు పోలింగ్ అయిపోతుంది, ముందు ఓటేసి వచ్చి తినమంది. నేను విషయం చెప్పాను. నా కార్డు అడిగి తీసుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

"సిటిజన్ అని రాసే ఉన్నది గదనే. మరి గిదేంది?"

పేరు వరకే అక్కా, అన్నాను. వేస్తే నేరం.

"నిన్నెవ్వలడుగుతరే? పేరున్నది, ఆధారున్నది, ఊరంతా ఎరుకే."

అడగరని నాకూ తెలుసు. అయినా వెళ్లలేదు. అక్క కార్డు తిరిగిచ్చేసి బూత్ వైపు నడిచింది. కుండలో నాటుకోడి కూర అలాగే ఉండిపోయింది.

రెండింటికి లెక్కింపు మొదలైంది. అక్కకు యాభై ఎనిమిది, ఎదురు నిలబడ్డావిడకు యాభై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టినా అంతే. అధికారి రెండు పేర్లు రాసి, చీటీలు మడిచి డబ్బాలో వేసి ఒకటి తీయించాడు. అక్క పేరు రాలేదు.

సాయంత్రం ఆటో దాకా వచ్చి సాగనంపింది. నేను క్షమించమనబోయాను.

"ఓడినందుకు కాదే చెల్లె. నువ్వు ఈ ఊరిదానివి కాదని గియాల ఎరుకైంది."

ఆటో ఎక్కాను. ఆస్ట్రేలియాలో ప్రమాణం చేసి, అధికారితో చేతులు కలిపి, పౌరసత్వ పత్రం తీసుకున్న రోజు నాకేమీ పోయినట్టు అనిపించలేదు. చట్టం ప్రకారం పోవాల్సింది ఆ రోజే పోయింది. అక్కకు మాత్రం ఈ మధ్యాహ్నం పోయింది. మళ్లీ ఇదే పరిస్థితి వచ్చినా నేను ఓటు వేయను, కానీ ఆ మూడేళ్లు నోరు మూసుకోను.

వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఒక సూచన: ఊరి ఓటరు జాబితాలోంచి మీ పేరు తీసేయమని ఫారం ఏడు నింపి ఇవ్వండి. అంతకంటే ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి, పోలింగ్ రోజు పొద్దున కాదు.