తుమ్ముల కాలంలో ఒక చీటీ

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వానకాలం మధ్యలో, అయిజకు దగ్గరలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిగా బదిలీ అయ్యాను. అంతకు ముందు బిజినేపల్లి వైపు పనిచేశాను. ప్రతి ఆరోగ్య కేంద్రం కింద కొన్ని ఉపకేంద్రాలుంటాయి. ఒక్కోదాన్ని ఒక ఏఎన్‌ఎం నడుపుతుంది. టీకాలు, గర్భిణుల పరీక్షలు ఆమె పని. తనవల్ల కాని రోగిని చీటీ రాసి మా దగ్గరికి పంపాలి. జబ్బు తేల్చి మందు రాయవలసింది వైద్యాధికారి. ఈ వరుస విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

దసరా దాటేసరికి ఓపీ నిండా తుమ్ములే. ముక్కు నీళ్లలా కారుతుంది, కళ్లూ అంగిలీ దురద పెడతాయి, జ్వరం మాత్రం ఉండదు. ఇది జలుబు కాదు. గాలిలో వచ్చే పుప్పొడిని శరీరం శత్రువనుకుని ఎదిరించడం వల్ల వచ్చే అలర్జీ. జలుబు వారం పది రోజుల్లో పోతుంది. ఇది ఆ పూత ఉన్నన్నాళ్లూ ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ నేను సెట్రిజిన్ మాత్ర రాసి పంపేవాణ్ణి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టేది.

వాళ్లలో నర్సింహులు అనే నేత కార్మికుడు ఉండేవాడు. చీరల జరీ అంచు నేసేవాడు. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు.

“సార్, మీ గోలితోని తుమ్ములు ఆగుతున్నయి గని కండ్లు మూసుకపోతున్నయి. మగ్గం మీద కూసుంటే పోగు కనవడ్తలేదు.”

రాత్రి పడుకునే ముందు వేసుకొమ్మన్నాను. అతను మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు టీకాల కార్యక్రమానికి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు కనిపించాడు. ముఖం తేటగా ఉంది. ఎట్లున్నదని అడిగాను.

“మంచిగున్న సార్. సుగుణక్క జెప్పినట్ల జేసిన.”

సుగుణమ్మ ఆ ఊరి ఏఎన్‌ఎం. యాభై ఏళ్లుంటాయి. తల్లి పత్తి చేలల్లో కూలి చేసి ఆమెను చదివించింది. ఆమె నర్సింహులు ఇంటికి వెళ్లి, తుమ్ములు ఎక్కడ, ఏ పూట వస్తున్నాయని అడిగిందట. పొద్దున మగ్గం మీద కూర్చున్నప్పుడే అని తేలింది. మగ్గం పక్కన కిటికీ, కిటికీ అవతల ఖాళీ జాగా, ఆ జాగా నిండా విరగబూసిన వయ్యారిభామ కలుపు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేయించి, తుమ్ములు లేని ఇద్దరితో ఆ కలుపును వేర్లతో పీకించింది. పొద్దుటిపూట కిటికీకి తడిగుడ్డ కట్టించింది. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం నేర్పింది. ఉతికిన బట్టలు ఆరుబయట ఆరేయొద్దంది. బయటి నుంచి రాగానే ముఖం, తల కడుక్కోమంది.

అందులో తప్పు పట్టవలసింది ఒక్కటీ లేదు. అందుకే నాకు మండింది. ఆ రెండు ప్రశ్నలు నేను అడగవలసినవి.

తరువాత నేను గమనించడం మొదలుపెట్టాను. ఆ ఊరి వాళ్లు ఓపీకి రావడం తగ్గింది. నెలవారీ సమీక్షకు వచ్చిన జిల్లా అధికారి ఆమెను లేపి నిలబెట్టి, ఇదంతా మిగతా ఏఎన్‌ఎంలకు చెప్పమన్నారు. ఆమె పది నిమిషాలు మాట్లాడింది. విత్తనాల కోసం పెంచే సీడు పత్తిలో పనిచేసే ఆడవాళ్లు తమకు పత్తిపువ్వు పడదనుకుంటారని, చాలామందికి అసలు కారణం గట్టు మీది వయ్యారిభామ అని చెప్పింది. అందరూ రాసుకున్నారు. నా ఎదుట కూడా కాగితం ఉంది, నేను రాసుకోలేదు. ఇంటికి వెళ్లాక కూడా ఆ పది నిమిషాలే గుర్తొచ్చాయి. ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అట్లా లేపి మాట్లాడమనలేదు.

మర్నాడే ఒక నోటి ఆదేశం ఇచ్చాను. సుగుణమ్మ ఉపకేంద్రం చీటీతో వచ్చినవాళ్లను ముందుగా లోపలికి పంపొద్దని, మామూలు వరుసలోనే రానివ్వాలని స్టాఫ్ నర్సుకు చెప్పాను. క్రమశిక్షణ కోసమని అనుకున్నాను.

పది రోజులకు మరియమ్మ వచ్చింది. సీడు పత్తి కూలి. తన వంతు వచ్చేసరికి ఓపీ ముగిసే వేళయింది. చీటీ బల్ల మీద పెట్టింది. పైన సుగుణమ్మ చేతిరాత చూశాను. తుమ్ములా అని అడిగితే అవునంది. అదే చీటీ కింద సెట్రిజిన్ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. స్టెతస్కోపు మెడలోనే ఉంది.

మూడో రోజు పొద్దున ఆమె భర్త దానయ్య ఆటోలో తీసుకొచ్చాడు. మాట రావడం లేదు, పెదవులు నీలి రంగుకు తిరిగాయి. ఆక్సిజన్ పెట్టి, ఊపిరి గొట్టాలు విచ్చుకునే మందును ఆవిరిలా ముక్కుకు పట్టాం. దాన్నే నెబ్యులైజేషన్ అంటారు. ఇంజెక్షన్ ఇచ్చి 108కి ఫోన్ చేయించాను. ఆ తొందరలోనూ నా లోపల ఒక సంతోషం కదిలింది. సుగుణమ్మ వాము ఆవిరి పట్టించి కూర్చోబెట్టి ఉంటుంది, ఇప్పుడు దొరికింది అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది ఇదే.

సుగుణమ్మ ఆటో వెనకే బండి మీద వచ్చింది. అందరి ముందూ, ఎన్ని రోజులు ఇంటి వైద్యం చేశావని గద్దించాను. మెమో ఇస్తానన్నాను. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం, సర్వీసు రికార్డులోకి ఎక్కుతుంది. ఆమె తల వంచుకుంది. దానయ్య జేబులోంచి చీటీ తీశాడు.

“అక్కనేమనకుండ్రి సార్. మొన్ననే మీ దగ్గరికి తోలిచ్చింది. గీ కాయితం మీరే రాసిచ్చిన్రు గద.”

పై భాగంలో గుండ్రటి అక్షరాలు: “ఛాతీలో పిల్లికూతలు. రాత్రి దమ్ము వస్తున్నది. ఆవిరి, ఉప్పునీళ్లు చాలవు. డాక్టరు గారు ఛాతీ చూడాలి.” కింద సెట్రిజిన్, నా సంతకం.

ఆ పై రాత నేను చదవడం అదే మొదటిసారి. సుగుణమ్మ మాత్రం, “సార్, ముందుగాల అంబులెన్సు యాడిదాక వచ్చిందో అడుగుండ్రి,” అంది.

మరియమ్మ గద్వాల దవాఖానాలో ఐదు రోజులుండి కోలుకుంది. తరువాత ఇన్హేలర్ పీల్చడం సుగుణమ్మే నేర్పింది. మెమో రాయలేదు, నోటి ఆదేశం రద్దు చేశాను. తరువాతి సమీక్షలో లేచి, ఛాతీ పరీక్షించకుండా మందు రాశానని, ఏఎన్‌ఎం చీటీ సరిగానే ఉందని చెప్పాను. అధికారి నన్ను లిఖితపూర్వకంగా హెచ్చరించారు. అది న్యాయమే. సుగుణమ్మకు విడిగా క్షమాపణ చెప్పబోతే, “ఇగ అయిపాయె గద సార్, ఛోడ్ దేవ్, ఇడిసిపెట్టుండ్రి,” అని రిజిస్టరు ముందుకు జరిపింది.

ఆ తరువాత తుమ్ములతో వచ్చిన ప్రతి మనిషినీ ఎక్కడ, ఏ పూట, ఏ పనిలో అని అడిగాను. ఐదు నిమిషాలు పట్టేది. ముక్కుతో ఆగే అలర్జీకి కలుపు తీయడం, ఉప్పునీళ్లు, ముఖానికి గుడ్డ చాలా మేలు చేస్తాయి. ఛాతీలోకి దిగి పిల్లికూతలు వస్తే అవి చాలవు, ఆ రోజే వైద్యం అందాలి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో సుగుణమ్మకు తెలుసు. నాకూ తెలుసు, కానీ ఆ రోజు నేను రోగిని చూడలేదు, ఎవరు పంపారో చూశాను. ఆమె మీద అసూయ నాకు విరమణ దాకా పూర్తిగా పోలేదు. అది ఉందని తెలుసుకుని, ఆమె పంపిన రోగులను రెండుసార్లు పరీక్షించేవాణ్ణి.