బోల్టుల పులుసు

పరువు పోగొట్టుకోవడానికి పెద్ద పెద్ద తప్పులేమీ చేయనక్కరలేదు. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే చాలు. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేను నొక్కాను. ఇప్పటికీ చుట్టాల పెళ్లికి వెళ్తే, నా ప్లేటులో పులుసు పడగానే ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. ఎందుకో చెబుతాను, మీరూ నవ్వుకోండి.

మాది కర్దనూరు. మెకానికల్ డిప్లొమా చదివే ఆడపిల్లలకు ఒక ట్రస్టు వాళ్లు తమ ఖర్చుతో నెల రోజుల శిక్షణ ఇప్పించేవారు. నన్ను పటాన్‌చెరు అవతల బోల్టులు తయారుచేసే ఫ్యాక్టరీలో వేశారు. అక్కడ నాకు పని నేర్పింది యాదమ్మక్క. చిట్కుల్ నుంచి వచ్చేది. బోల్టుల కొలత సరిచూడటంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి.

షరతు ఒక్కటే. నెల పూర్తయ్యాక ఏం నేర్చుకున్నామో, ఏమనిపించిందో ట్రస్టు బ్లాగులో రాయాలి. అది బాగుంటేనే ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మెషిన్ మీద ఇంకో మూడు నెలల శిక్షణ. దానికోసం నేను అప్పటికే మా నాన్నతో వారం రోజులు వాదించి గెలిచి ఉన్నాను.

రాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం రాదు. వాయిదా వేసీ వేసీ చివరి రోజు పొద్దున కాలేజీ ల్యాబులో కూలబడ్డాను. మధ్యాహ్నానికల్లా పంపాలి. సరిగ్గా అప్పుడే నాకు తెలివి వచ్చింది, రాకపోయినా బాగుండేది. ట్రస్టు వాళ్లు నమూనాగా పంపిన పాత వ్యాసం ఒకటి ఉంది. సముద్రం ఒడ్డున చేపల పెంపకం నేర్చుకున్న అమ్మాయి ఎంతో అందంగా రాసింది. 'చేప' ఉన్న చోటల్లా 'బోల్టు', 'సముద్రం' ఉన్న చోటల్లా 'ఫ్యాక్టరీ' పెట్టమని కంప్యూటర్‌కు చెప్పి మీట నొక్కాను. మొదటి రెండు వాక్యాలు చదివాను. 'బోల్టుల గురించి నాకేమీ తెలియదు. మొదటిరోజు ఫ్యాక్టరీ చూడగానే భయమేసింది.' అచ్చం నా మనసులో మాటే. ఇంకేం చదవాలి? బ్లాగులో పెట్టేసి, లింకును చుట్టాల గ్రూపులో, ఫ్యాక్టరీ గ్రూపులో కూడా వేశాను.

గంటలోపే జోగిపేట నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు.

"ఏమే బిడ్డా, గీ బోల్టుల పులుసు ఎట్ల వండుతరే? చింతపండు నానబెట్టాల్నా అని మీ అత్త అడుగుతున్నది."

తెరిచి చదివాను. నేను ఫ్యాక్టరీలో మోకాలి లోతు దిగి బోల్టులకు మేత వేశాను. గుడ్లు పెట్టే కాలంలో బోల్టులను బెదరగొట్టకూడదని తెలుసుకున్నాను. చివరిరోజు అందరం ఫ్యాక్టరీ ఒడ్డున కూర్చుని బోల్టుల పులుసు తిన్నాం. అంతటితో ఆగినా బాగుండు. 'ఈ పని చేపట్టాను' అని ఆ అమ్మాయి రాసిన మాటలో కూడా చేప ఉందని కంప్యూటర్ కనిపెట్టింది. నేనేమో 'ఈ పని బోల్టుట్టాను'.

దిద్దుదామంటే, ఒకసారి పెట్టాక మార్చే వీలు ట్రస్టు ఆఫీసుకే ఉంది. సాయంత్రం అక్కడి మేడం ఫోన్ చేసి, మర్నాడు పదింటికి ఫ్యాక్టరీకి రమ్మంది. అంతే, ఫోన్ పెట్టేసింది. తిట్టినా ప్రాణం కుదుటపడేది. అన్నం సహించలేదు. నాన్న ఏమైందంటే తలనొప్పన్నాను. మర్నాడు ఆటోలో దారి పొడవునా అబద్ధాలు అల్లుకున్నాను. వైరస్ అన్నాననుకోండి, తమ్ముడు ఆడుకుంటూ నొక్కాడన్నాననుకోండి, ఏ అబద్ధమైనా పులుసు దగ్గరికొచ్చి ఆగిపోతోంది.

మేడం యాదమ్మక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ముఖంలో నవ్వు లేదు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"కాదు మేడం." నేను ఆపేలోపే నిజం బయటపడింది.

"మరి నెల రోజులు ఏం నేర్చుకున్నవ్? కాగితం లేకుంట చెప్పు."

బల్ల మీదున్న గేజ్ తీసి చూపించాను. లోపల మరలు కోసిన ఇనుప ఉంగరం అది. మంచి బోల్టు అందులో సాఫీగా తిరగాలి. మొదటివారం నేను తిరగనివాటిని కూడా బలవంతంగా తిప్పి మంచివాటిలో కలిపేదాన్ని. యాదమ్మక్క పెట్టె మొత్తం కుమ్మరించి, తిడుతూ మళ్లీ నాతోనే ఏరించేది. ఒకరోజు బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. మూడోవారానికి, ఏది తేడా బోల్టో కళ్లు మూసుకున్నా వేళ్లే చెప్పసాగాయి. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.

"గిదే రాయి. ఇక్కడనే కూసొని రాయి," అంది మేడం.

రాశాను. పులుసు తీసేసి దాన్ని పెట్టింది. మూడు నెలల శిక్షణ కూడా ఇచ్చింది. గండం గడిచిందనుకున్నాను. లేత్ దగ్గర మొదటిరోజే యాదమ్మక్క నడుము మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడింది.

"నేను రోజుకు పదిసార్లు తిట్టిన అని రాసినవంట. మా కోడలు వాడకట్టంత సదివి వినిపించింది. ఇప్పుడు ఇంట్ల నేను నోరు తెరిస్తే సాలు, రాసుకోండ్రి రాసుకోండ్రి అంటున్నరు. గా బోల్టుల పులుసే నయముండె గదనే."

కాబట్టి సకల పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకరి రాత ఎత్తుకోను. ఏది రాసినా మొదటి అక్షరం నుంచి చివరిదాకా నేనే చదువుతాను. నిజం రాయాల్సి వస్తే మాత్రం ముందు యాదమ్మక్కకు వినిపిస్తాను. ఇది కూడా వినిపించాను. అంతా విని ఒక్క తప్పే పట్టింది. పదిసార్లు కాదట, ఆరుసార్లేనట.