అవ్వ సినిమాకు పోతనన్న ఆదివారం

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ సినిమా ఎవరూ చూడొద్దని గోదావరిఖనిలో మాల వేసుకున్న స్వాములు టాకీసు గేటు ముందు నిలబడ్డప్పుడు, వాళ్లే గెలవాలని నేను కోరుకున్నాను. వాళ్ల మాట నచ్చి కాదు. అప్పటికే నేను ఆ సినిమా చూసి ఉన్నాను.

కరీంనగర్‌లో పరీక్ష రాసి బస్టాండుకు వెళ్లాల్సినదాన్ని, దారిలో టాకీసు కనిపిస్తే లోపలికి వెళ్లాను. ఒక్కదాన్నే సినిమాకు వెళ్లడం అదే మొదలు. ఒక ఊరి అమ్మవారి కథ అది. దేవత గుడి దాటి వచ్చి కూలివాళ్ల గుడిసె ముందు కూర్చుంటుంది. వాళ్లిచ్చిన కల్లు తాగి నవ్వుతుంది. గొడవంతా దాని గురించే.

బాపు, మా నాన్న, అప్పుడు మాలలో ఉన్నాడు. మాల వేసుకున్నాక మేం ఆయన్ని స్వామీ అనాలి, ఆయన మమ్మల్ని మాత అనాలి. ఏటా జరిగేదే అయినా, నీళ్ల చెంబు అందించేటప్పుడు నాకు ఆ మాట నోట్లోంచి రాదు.

శుక్రవారం పూజ మా క్వార్టర్‌లోనే పెట్టుకున్నారు. హారతి అయ్యాక గురుస్వామి లేచాడు.

“అమ్మవారి చేతికి కల్లు ముంత ఇచ్చిండ్రట. ఇయ్యాల ఊకుంటే రేపు ఇంకేం జూపెడతరో. ఆదివారం మధ్యాహ్నం ఆటకు గేటు కాడ నిలవడాలె స్వామీ. దేవుణ్ని నమ్మెటోడు ఒక్కడు గూడ లోపలికి పోవద్దు.”

వంటగది గడప దగ్గర కూర్చున్న మా అవ్వ, బాపును కన్నతల్లి, అక్కడినుంచే అడిగింది.

“మరి నేను ఏటా పోచమ్మ ముందట ముంతతోని పోసే సాక ఏంది స్వామీ? చాయనా?”

చిన్నస్వాములు కండువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. బాపు నవ్వలేదు.

“అది వేరు మాతా. మనం పోసేది భక్తితోని. వాళ్లు జూపెట్టేది పైసలకు.”

తీసిపారేసే మాట కాదనిపించింది నాకు. అవ్వకు అనిపించలేదు.

“దేవుని సినిమా అంటే చెప్పులిడిచి కూసుండి చూసినదాన్ని నేను. చూడకుంట తప్పని ఎట్లంట? ఆదివారం పోత. పిల్ల నాతోని వస్తది.”

పిల్ల అంటే నేను.

తర్వాత ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను. పుస్తకం తెరిస్తే అదే పేజీ మళ్లీ మళ్లీ చదువుతున్నాను. కల్లు తాగి నవ్విన ఆ దేవత నాకు నచ్చింది, మా పోచమ్మలాగే ఉంది. నన్ను పట్టుకున్నది దాని తర్వాత వచ్చే సీను. ఒక ముసలామెకు శిగం వస్తుంది. జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని ఊగిపోతుంది. పక్కనున్నవాడు ఆమెను వెక్కిరిస్తాడు. కరీంనగర్‌లో హాలంతా పడీపడీ నవ్వింది. నా వెనకవాళ్లు ఆమెలాగే అరిచి ఈలలు వేశారు.

బోనాలప్పుడు మా అవ్వకూ శిగం వస్తుంది. పోచమ్మ ఆమె ఒంటి మీదికి వచ్చినప్పుడు, పడిపోకుండా బాపే వెనకనుంచి నడుం పట్టుకుంటాడు. ఈ గురుస్వామే కిందటేడు ఆమె ముందు చేతులు కట్టుకుని, కొడుకు ఉద్యోగం గురించి అడిగాడు.

స్వాముల్లో ఎవరూ సినిమా చూడలేదు కాబట్టి ఆ శిగం సీను సంగతి ఎవరి నోటా రాలేదు. నేను చెబితే, నీకెట్లా తెలుసంటారు. అది సరే, చెబితే గేటు దగ్గర నినాదాల అట్టల్లో ఇంకోటి చేరుతుంది, అవ్వ శిగం దాని మీది రాత అవుతుంది. అదీ నాకు ఇష్టం లేదు.

శనివారం బట్టలు ఆరేస్తూ, “వద్దులే అవ్వా” అన్నాను.

“మీ బాపు అట్ట పట్టిండు, నువ్వు నా కొంగు పట్టినవా? సదువుకున్నదానివి, నువ్వు సుత చూడకముందే తిడుతవా?”

చూసే అంటున్నానని చెప్పకుండా తడిచీర దులిపి దండెం మీద వేశాను.

ఆదివారం గేటు దగ్గర స్వాములు వరుసగా నిలబడి ఉన్నారు. నల్లబట్టల్లో, చేతిలో అట్టతో బాపు ముందుకొచ్చాడు.

“మాతా, వద్దు.”

అవ్వ అందరి ముందూ ఆయన్ని తిడుతుందని భయపడ్డాను. తిట్టలేదు. వంగి ఆయన పాదాలు ముట్టుకుని కళ్లకద్దుకుంది. మాలలో ఉన్నవాణ్ని స్వామి అనుకుని మా దగ్గర తల్లి అయినా మొక్కుతుంది. మొక్కు అందుకున్న బాపు ఇక ఆమెకు అడ్డం నిలబడలేకపోయాడు. “స్వామి శరణం” అనుకుంటూ ఆయన పక్కనుంచే ఆమె లోపలికి నడిచింది. నేను తల దించుకుని వెనకే వెళ్లాను.

లోపల సగం కుర్చీలు ఖాళీ. అవ్వ చెప్పులు విడిచి కూర్చుంది. సగమే నవ్వుతుంది కదా అనుకున్నాను. దేవత కల్లు తాగినప్పుడు అవ్వ చేతులు జోడించి, “నా తల్లే” అంది పైకే. తర్వాత శిగం వచ్చింది. నేను తెర చూడలేదు, అవ్వనే చూశాను. నవ్వడానికి సగం హాలు కూడా సరిపోయింది. అవ్వ తల తిప్పి, నవ్విన వరుస వైపు చూసింది. కాసేపటికి చీకట్లో కాళ్లతో తడుముకుని చెప్పులు తొడుక్కుంది. సినిమా అయ్యేదాకా కదలలేదు.

బయటికి వచ్చేసరికి స్వాములు సాయంత్రం పూజకు వెళ్లిపోయారు. మనుషులు నిండితే గాని ఆటో కదలదు. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం.

“నేను ఊగినప్పుడు సుత గిట్లనే నవ్వెటోళ్లు ఉండిరేమొ బిడ్డా. నాకెన్నడు వినవడలె” అంది అవ్వ.

ఇంకో ఆమె సంచితో ఎక్కింది. సర్దుకుని చోటిచ్చాం. అవ్వ నా వైపు చూడకుండా అంది.

“ఈసారి పోచమ్మ కాడ వినవడితే ఎట్లనే?”