నేను రాసివ్వని కౌలు కాగితం

మా సంఘానికి నేను కార్యదర్శిని. ఉత్తర తెలంగాణ నుంచి మస్కట్ చుట్టుపక్కలకు వచ్చిన ఆఫీసు ఉద్యోగులం, చిన్నాచితకా వ్యాపారస్తులం కలిసి పెట్టుకున్న సంఘం. శుక్రవారాలు సీబ్‌లో ఒక హోటల్ మేడ మీద కూర్చుంటాం. ఒక శుక్రవారం మా అధ్యక్షుడు ఫోన్‌లో చదివిన సంగతి చెప్పాడు. అమెరికాలో ఒకప్పుడు నల్లవాళ్లను తెల్లవాళ్ల కాలేజీల్లోకి రానివ్వకపోతే వాళ్లకోసం వేరుగా పుట్టిన విశ్వవిద్యాలయాలు ఉన్నాయట. అక్కడ వ్యవసాయం చదివే పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారట. తాతముత్తాతలు పరాయి భూముల్లో బానిసలుగా చేసిన పనినే ఆ పిల్లలు ఇప్పుడు శాస్త్రంగా చదువుకుంటున్నారట.

"మనం గూడ అసొంటిది పెట్టాలె" అన్నాడు.

అందరం చప్పట్లు కొట్టాం. గట్టిగా కొట్టినవాళ్లలో నేనొకణ్ని. అగ్రికల్చర్ బీఎస్సీలో సీటు వచ్చిన పేద పిల్లల చదువు ఖర్చు సంఘం భరించాలని తీర్మానించాం. నిబంధనలు రాసే పని నాకు అప్పగించారు.

నేను రాసిన మొదటి నిబంధన ఇది: విద్యార్థి రైతు బిడ్డ అయి ఉండాలి, రుజువుగా తల్లి పేరనో తండ్రి పేరనో ఉన్న పట్టాదారు పాస్‌బుక్ జతచేయాలి.

ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పరాయి భూముల్లో చెమటోడ్చినవాళ్ల మనవల కథ విని చప్పట్లు కొట్టిన చేతులతోనే, భూమి ఉన్నవాడికి తప్ప అందకుండా రాశాను. రాసేటప్పుడు చిన్న అనుమానమైనా రాలేదు. మా ఊళ్లో రైతంటే పాస్‌బుక్ ఉన్నవాడే. నాకుంది. నేను ఒక్కనాడు నాగలి పట్టింది లేదు. ఇక్కడ ఏసీ గదిలో గార్డెన్ కంపెనీ లెక్కలు రాస్తుంటే, ప్రభుత్వం రైతుకిచ్చే పెట్టుబడి సాయం నా ఖాతాలో పడుతుంది.

ఆ భూమిని దున్నిన మనిషి ఇదే కంపెనీలో ఉన్నాడు. విమానాశ్రయం రోడ్డు వెంబడి పూలమొక్కలు నాటే గ్యాంగులో. మా ఊరివాడే, మాదిగ కులస్తుడు. వాళ్ల నాయన మా ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నాడు. ఇతను మా పొలం కౌలుకు చేశాడు, బోర్లు ఎండిపోయి ఒమన్ దారి పట్టేదాకా. డ్యూటీలో నలుగురి ముందు నన్ను "సార్" అనేవాడు. ఇద్దరమే ఉంటే, ఊళ్లో భూమి ఉన్న దొరలను పిలిచినట్టు "పటేలా" అనేవాడు. ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది.

ఉక్కపోత ఇంకా తగ్గని రోజుల్లో, నర్సరీ షెడ్డు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు.

"పటేలా, బిడ్డకు అగ్రికల్చర్ల సీటొచ్చింది. మీ సంగపోల్లు సదివిస్తరట గద. పాస్‌బుక్ పెట్టమంటుండ్రు. నాకేడిది?"

"రూలట్లున్నది మరి" అన్నాను, ఆ రూలు ఆకాశం నుంచి ఊడిపడినట్టు.

"ఎరికే. మీ పొలం నేను కౌలుకు జేసిన్నని ఒక కాగితం రాసియ్యుండ్రి. గంతే. రూలు రాసింది మీరే, పట్టా మీదే. మీరు రాస్తె కాదనేటోడెవడు?"

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కౌలు మాట కాగితం మీదికి ఎక్కించొద్దని మా నాయన నాకు చిన్నప్పుడే నేర్పాడు. మా వైపు భూమి ఉన్న ఇళ్లన్నిటిలో ఉన్న భయమే అది. నోటిమాట మీద ఇస్తాం, నోటిమాట మీద తీసుకుంటాం. సంతకం పెట్టామంటే కౌలుదారు భూమి నాదంటాడని వణుకు. "తమ్మున్ని అడిగి చెప్త" అని తప్పించుకున్నాను.

తమ్ముడు ఫోన్‌లో అరిచాడు. "దిమాక్ ఖరాబైందా అన్నా? రేపు గా కాగితం వట్టుకొని కోర్టుకు వోతడు!"

కోర్టుకట! ఆ మనిషి ఒమన్ ఎండలో రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. అన్నదమ్ములం మేమేమో అతను మా పొలం ఎత్తుకుపోతాడని బెదిరిపోతున్నాం. తమ్ముడి మాట తప్పని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా రాయలేదు.

కాలేజీలో చేరే గడువు దగ్గర పడ్డాక కమిటీ కూర్చుంది. ఆ పిల్ల దరఖాస్తు చదివింది నేనే. "పాస్‌బుక్ జతచేయలేదు" అని పక్కన పెట్టాను. స్కాలర్‌షిప్ రెండు ట్రాక్టర్లున్న ఇంటి పిల్లవాడికి వెళ్లింది. రైతు బిడ్డే మరి!

అయినా పిల్ల కాలేజీలో చేరింది, మా వల్ల కాదు. క్యాంపులో అతని రూమ్‌వాళ్లంతా కలిసి చిట్టీ నడుపుకుంటారు. ఆ నెల చిట్టీ ఎత్తుకోవలసింది ఒక కడప సాయిబు. "నాది మళ్ల చూస్తాంలేప్పా, ముందు పాప చదువు" అని తన వంతు ఇతనికి వదిలేశాడట. పాస్‌బుక్ అడగలేదు.

ఈ కబురు మా అధ్యక్షుడికి చేరింది. "మనోళ్ల పిల్ల సీటు కొట్టిందంటే మనకే పేరు. వార్షికోత్సవం బ్యానర్ మీద ఫోటో ఎయ్యాలె. వాళ్ల నాయనకు శాలువ కప్పాలె. నువ్వే వోయి చెప్పు" అన్నాడు. అప్పుడు కోపం ఆగలేదు. ఇంటికి వెళ్లి, ఎన్నో వారాలు రాయలేని కాగితం కూర్చున్నచోటే రాసి సంతకం పెట్టాను. ఎంత సులువు పని!

అతను గ్యాంగువాళ్ల మధ్య రోడ్డు పక్కన కూర్చుని మొక్క మొదట్లో మట్టి అదుముతున్నాడు. శాలువ సంగతి చెప్పాను. లేవలేదు.

"శాలువనా? ఈ ఎండకా?" అని నవ్వాడు. "ఫోటోకు పాస్‌బుక్ అక్కెర లేదా సార్?"

కాగితం చాచాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని తీసుకున్నాడు. మొత్తం చదివి, మడిచి, తిరిగి నాకే ఇచ్చాడు.

"మంచిగనే రాసిండ్రు. నా బిడ్డకైతె ఇగ దీనితోని పనిలేదు సార్. మీ సంగంల సదువుండ్రి. నిలవడి సదువుండ్రి."

ఆ శుక్రవారం చదివాను, నిలబడే చదివాను. నా భూమిని ఇతను సాగుచేశాడు, రైతు ఇతనే, నేను కాదు అని రాసుకున్నది చదివి, మొదటి నిబంధన కొట్టేయమని అడిగాను.

"నీ ఇంటి ముచ్చట సంగంల ఎందుకు వెడ్తున్నవ్?" అన్నాడు అధ్యక్షుడు.

"బిర్యానీ సల్లగైతున్నది, తర్వాత మాట్లాడుదాం" అన్నాడు కోశాధికారి. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. రాజీనామా ఇస్తే వాళ్లకు హాయి, అందుకే ఇవ్వలేదు. ప్రతి శుక్రవారం ఆ అంశాన్నే ముందు పెడతాను. ప్రతి శుక్రవారం వాయిదా వేస్తారు. తమ్ముడు నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇప్పుడు నర్సరీలో ఇద్దరమే ఎదురుపడినా అతను నన్ను "సార్" అనే అంటాడు, ఫోర్మన్‌ని అన్నట్టే. మొదటిసారి విన్నప్పుడు, ఇంత జరిగాక కూడా, నాకు అతని మీద కోపం వచ్చింది. పటేలా అనలేదని.