అబ్జార్బ్ అనే మాటకు రెండో అర్థం

ఫకీర్ మిస్త్రీ చెక్కకు చిత్రిక పడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. లాలాగూడ రైల్వే కార్ఖానాలో రైలుపెట్టెలకు బల్లలు చేసే వడ్రంగి అతను. సెలవునాడు కూడా వాకిట్లో ఏదో ఒక ముక్క ముందేసుకుని కూర్చునేవాడు. భార్య హజీరా అన్నానికి పిలిచి పిలిచి చివరికి చీపురు విసిరేది.

"ఆయనను తిట్టకు హజీరా," అంది ఒకసారి పక్కింటి డోరా. పిల్లలకు ఇంగ్లీషు చెప్పే మనిషి ఆమె. "మీ ఆయన అబ్జార్బ్ అయిండు. ఇసుకల నీళ్లు ఇంకినట్టు మనసు పనిల ఇంకిపోయిందన్నట్టు."

"ఇంకితే ఇంకనీ డోరమ్మా, కూర సల్లారిపాయె!"

ఫకీర్‌కు మాత్రం ఆ మాట తెగ నచ్చింది. చదువు రాని తనకు ఇంగ్లీషులో బిరుదు! బోయిగూడలో చుట్టాలింటికి పోయినా, "నేను అబ్జార్బ్ మనిషిని" అని చెప్పుకునేవాడు.

నిజాం రాజ్యం పోయిన పోలీస్ యాక్షన్ రోజుల్లో భయపడి, పెళ్లాం పిల్లలతో మౌలాలిలో అక్క ఇంట్లో తలదాచుకున్నాడు. కాస్త సద్దుమణిగాక పనికి పోతే, కొత్త గుమాస్తా తల ఎత్తకుండానే అన్నాడు: "గైర్‌హాజరు అయినోళ్ల సంగతి తేలలే. నువ్వింకా అబ్జార్బ్ కాలే మిస్త్రీ. సోమవారం వచ్చి సాబ్‌ను కలువు."

ఫకీర్ ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి పనిముట్ల సంచీ మూలకు విసిరాడు.

"నా మనసు పని మీద లేదంట! వయసంతా ఆ చెక్కలల్లనే పోగొట్టుకుంటి. నిన్నగాక మొన్నొచ్చినోడు అంటడు!"

"అన్నోని నాలుక పడిపోను," అంది హజీరా. ఆమెకూ తెలిసిన అర్థం అదొక్కటే. అడుగుదామంటే డోరా ఊళ్లో లేదు.

సోమవారం పొద్దుటికి అతని కోపం చల్లారింది. చొక్కా తొడుక్కున్నాడు. గడపలో హజీరాయే అడ్డం నిలబడింది.

"ఏందీ, పోయి కాళ్లు పట్టుకుంటవా? జెర రోషముంటే పోకు."

అతను చొక్కా విప్పేశాడు.

క్రిస్మస్ ముందర డోరా తిరిగొచ్చి, సంగతి విని తల పట్టుకుంది. "అయ్యో పిచ్చిదానా! కొత్త సర్కారు పాత నౌకర్లను తనల కలుపుకునుడును సుత అబ్జార్బే అంటరు. ఇంకా కాలే అంటే, ముందట అయితడనే కద!"

ఫకీర్ పరుగున పోయాడు. అతని బల్ల దగ్గర వేరెవరో రంపంతో కోస్తున్నారు. ఆ సోమవారం సాబ్‌ను కలిసినవాళ్లందరినీ పనిలోకి తీసుకున్నారట, రానివాళ్ల పేర్లు కొట్టేశారట.

ఇంటికి తిరిగొచ్చి అతను నవ్వాడు. "ఇంత రాజ్యమేలిన ఇంగ్లీషు దొరలకు మాటలకు కరువొచ్చిందానే? ఒక్కదాంతోనే రెండు పనులు ఎల్లదీసుకున్నరు!"

హజీరాకు నవ్వు రాలేదు. 'నువ్వే ఆపినవ్' అని ఎప్పుడంటాడా అని ఎదురుచూసింది. అతను ఉయ్యాలలు చేసి అమ్మాడు, పీటలు చేసి అమ్మాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు. ఆ మాట మాత్రం అనలేదు. అని ఉంటే ఆమె ఎదురు తిరిగేదో, ఏడ్చేదో, గుండె కాస్త తేలికయ్యేది.

ఫకీర్ జనాజా లేచిన రోజు, పరామర్శకొచ్చిన ఆడవాళ్లు అన్నారు: "ఎంత మంచోడమ్మా! నిన్ను ఎన్నడూ ఒక్క మాట అనలే."

"అంటే బాగుండు," అని హజీరా కొంగు నోట్లో కుక్కుకుంది.