సారు రాసిన భాగం

మా పసుపు యాప్‌లో అసలు పని చేసే భాగం రాసింది నేను కాదు, మా సారు. డిగ్రీలో నాకు కంప్యూటర్లు చెప్పిన లెక్చరర్. రిటైరయ్యాక ఏర్గట్లలో సొంత భూమిలో పసుపు పెట్టుకున్నారు. రైతు ఆకు ఫొటో తీస్తే అది మచ్చ తెగులా, ఎండ దెబ్బా అని చెప్పే ప్రోగ్రాంను ఆయన ఒక్కరే రెండు పంటకాలాలు కూర్చుని రాశారు. మిగతాదంతా నేనూ, నా క్లాస్‌మేటూ ఆర్మూర్‌లో ఒక ఎరువుల దుకాణం పైగదిలో చేశాం.

కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాం. ఎవరైనా తీసుకుని ఏమైనా చేసుకోవచ్చుననేది మా భాగం లైసెన్స్. సారు తన భాగానికి జీపీఎల్ అనే లైసెన్స్ పెట్టారు. దాని ప్రకారం ఆ భాగాన్ని కలిపి తయారు చేసినది ఇంకొకరికి ఇస్తే, మొత్తం కోడ్ కూడా అలాగే తెరిచి ఇవ్వాలి. ఆ తేడాను మేం పట్టించుకోలేదు. మొత్తానికీ మా లైసెన్సే అతికించి ఊరుకున్నాం.

హైదరాబాద్ నుంచి ఒక పురుగుమందుల కంపెనీ వచ్చినప్పుడు సంగతి బయటపడింది. వాళ్లకు యాప్ కావాలి, మాకు ఉద్యోగాలిస్తామన్నారు. కానీ జీపీఎల్ భాగం ఉంటే యాప్ తమకు వద్దని వాళ్ల లాయరు తేల్చి చెప్పింది. మొత్తాన్ని జీపీఎల్ కిందికి మార్చడానికి కంపెనీ ఒప్పుకోలేదు. ఇక సారే తన లైసెన్స్ మార్చాలి, లేదా ఆయన భాగం తీసేసి కొత్తగా రాయాలి.

ఏర్గట్ల వెళ్లేసరికి సారు ఉడికించిన పసుపును కళ్లంలో ఆరబోయిస్తున్నారు.

"ఒక్క లైను మారిస్తె అయిపోతది సార్," అన్నాడు క్లాస్‌మేట్.

"గా ఒక్క లైను కోసమే గిదంత రాసిన. రేపు వాళ్లు తలుపేసుకుంటె రైతు ఎవల్ని అడగాలె?"

"ఫ్రీగనే ఇస్తమంటున్రు సార్," అన్నాను నేను.

"మరి గదే కాయితం మీద రాసియ్యమను. నాకేం ఫికర్ లేదు."

కంపెనీ రాసివ్వలేదు.

"ఆ భాగం నువ్వే కొత్తగ రాయి. సారు కోడ్ నీకు మొత్తం ఎరికే కదా," అన్నాడు క్లాస్‌మేట్.

"ఎరికైనందుకే నేను రాయొద్దు. అది చదవనోళ్లు రాయాలె, లేకుంటె నకలు కొట్టినట్టె."

"ఎవలు చూస్తరు?"

నేను రాశాను. డిగ్రీ అయినప్పటి నుంచి పని లేక ఇంట్లో కూర్చున్నదాన్ని. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఒక పక్క సారు ఫైల్ తెరిచి పెట్టుకుని పేర్లు మార్చాను, వరుస మార్చాను, ఒక ముక్కను మూడు ముక్కలు చేశాను. కంపెనీ తనిఖీలో పోలికలేవీ దొరకలేదు. "లైసెన్స్ సమస్య పరిష్కారమైంది" అని రిపోర్టులో నా చేత్తోనే టైప్ చేశాను. యాప్ కంపెనీదైంది, మా ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి.

మరుసటి పంటకే యాప్ మారిపోయింది. కంపెనీ మందు డబ్బా మీది నంబరు కొడితేనే ఫొటో తీసుకుంటుంది. దొంకేశ్వర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మొదట్లో తన చేనులోని ఆకుల ఫొటోలు మాకు వందలకొద్దీ పంపిన రైతు.

"మా ఆకులు చూపిచ్చే కదా బిడ్డా, దానికి నేర్పిన్రు? ఇప్పుడు మా ఆకుకు ఏమైందో మాకే చెప్పదా?"

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఆ వారమే సారు దగ్గరికి వెళ్లాను. ఆయన కూర్చోమనలేదు.

"నా కోడ్ చూడకుంట రాసినవా, చూసి రాసినవా?"

"చూసే రాసిన సార్."

"నేనే నేర్పిన కదా నీకు," అని లోపలికి పోయారు.

నేను చేసిన పనంతా కంపెనీకి రాసి పంపాను. కోడ్ తెరవండి, లేదా ఆ భాగం తీసేయండి అన్నాను. నా ఉద్యోగం తీసేశారు. ఆ భాగాన్ని కూడా తీసేసి, ఎక్కడో కొన్న ఇంకో ప్రోగ్రాం పెట్టుకున్నారు. యాప్ మాత్రం మూసినది మూసినట్టే ఉంది. క్లాస్‌మేట్ అక్కడే పెద్ద పోస్టులో ఉన్నాడు. ఆర్మూర్ బస్టాండులో ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ పోతాడు.

కంపెనీకి ఇవ్వకముందు అందరికీ తెరిచి పెట్టిన మా పాత యాప్‌ను మళ్లీ ఇంటర్నెట్‌లో పెట్టాను. సారు భాగాన్ని ఆయన పేరుతో చేర్చి, మొత్తాన్ని జీపీఎల్ కిందికి మార్చాను. ఇలా చేయడానికి ఒక్క పూట పట్టింది. మొదటి రోజే చేయాల్సింది. అయితే రైతులు తర్వాత పంపిన ఫొటోలన్నీ కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. ఈ ఏడు కొత్తగా వచ్చిన మచ్చను మా యాప్ గుర్తుపట్టదు. దాన్ని వాడేవాళ్లూ లేరు.

సారుకు మెయిల్ పెట్టాను. మూడో రోజు జవాబు వచ్చింది. లైసెన్స్ ఫైల్ ఇప్పుడు సరిగ్గా ఉందని ఒక్క వాక్యం. నా పేరు పెట్టి పిలవలేదు, ఎలా ఉన్నావని అడగలేదు.